చవగ్గా వచ్చిన డకోటాలు, నిలబడలేకపోయిన కంపెనీలు: దక్కన్ ఎయిర్‌వేస్ కాలపు లెక్కలు

క్లుప్తంగా: రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక డకోటా అనే సైనిక రవాణా విమానాలు వేల సంఖ్యలో మిగిలిపోయాయి. వాటిని చవగ్గా కొని, సీట్లు బిగించి, మన దేశంలో పదికి పైగా కంపెనీలు విమానాలు నడిపాయి. హైదరాబాద్‌లోని దక్కన్ ఎయిర్‌వేస్ వాటిలో ఒకటి. విమానం ధర తగ్గింది గానీ దాన్ని ఎగరేసే ఖర్చు తగ్గలేదు. 1953 ఆగస్టు 1 నాటికి మిగిలిన కంపెనీలన్నీ ప్రభుత్వ సంస్థల్లో కలిసిపోయాయి. ఇదే డకోటాతో అమెరికాలో చిన్న కంపెనీలు మాత్రం చాలాకాలం నిలబడ్డాయి. ఆ తేడా ఎక్కడ వచ్చిందన్నదే ఈ వ్యాసం.

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న దాని వెంటే వస్తుంది. నిజాం కాలంలోనే అక్కడ విమానాలు దిగాయి కదా, హైదరాబాద్‌కు సొంత విమాన కంపెనీ కూడా ఉండేది కదా, మరి ఇన్ని దశాబ్దాలు ఎందుకు ఎగరలేదు? ఇది న్యాయమైన ప్రశ్నే. దీనికి తరచుగా రాజకీయ కారణాలే జవాబుగా వినిపిస్తాయి. కానీ అసలు జవాబులో చాలా భాగం విమానంలోనే ఉంది. ఆనాటి విమానం ఎలాంటిది, ఎంతకు దొరికింది, గంటకు ఎంత పెట్రోలు తాగేది, ఎన్ని సీట్లు ఉండేవి అన్నవి చూస్తే తప్ప ఆ కంపెనీలు ఎలా పుట్టాయో, ఎందుకు పోయాయో అర్థం కాదు.

ముందుగా ఒక చిన్న గందరగోళం తీర్చాలి. 2003లో బెంగళూరు కేంద్రంగా మొదలైన ఎయిర్ డెక్కన్‌కూ, 1940ల నాటి దక్కన్ ఎయిర్‌వేస్‌కూ ఏ సంబంధమూ లేదు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల రెండింటి చరిత్రా ఒకటే అన్నట్టు చాలామంది రాస్తుంటారు.

రైలు కంపెనీ చేతిలో విమానాలు

దక్కన్ ఎయిర్‌వేస్ వెనక ఉన్నది నిజాం స్టేట్ రైల్వే. ఆ రైల్వే 1932లోనే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం పెట్టింది. తర్వాతి కాలంలో మన ఆర్టీసీకి మూలమైంది అదే. రైలు వెళ్లని చోటికి బస్సు, రైలు ఆలస్యమయ్యే దూరానికి విమానం, మూడూ ఒకే యాజమాన్యం కింద. అప్పటి లెక్కలో ఇది చాలా ముందుచూపు ఉన్న ఏర్పాటు. రోడ్డూ రైలూ ఒకదాని ప్రయాణికుల్ని ఒకటి లాక్కోకుండా, ఒకదానికొకటి అందించుకునేలా నడపాలన్నది ఆ ఆలోచన.

విమానాల విషయంలో హైదరాబాద్ అప్పటికే కొత్తదేమీ కాదు. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి మొదలైన టాటాల టపా విమానం అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసు వెళ్లేది. కొంతకాలానికి ఆ దారిలో హైదరాబాద్ మజిలీ అయింది. 1930ల్లో బేగంపేట విమానాశ్రయం రూపుదిద్దుకుంది.

యుద్ధం ముగుస్తున్న 1945లో టాటాలతో కలిసి హైదరాబాద్ రాజ్యం దక్కన్ ఎయిర్‌వేస్‌ను ఏర్పాటు చేసింది. వాటాల్లో సింహభాగం రాజ్యానిదే. 1946లో రాకపోకలు మొదలయ్యాయి. మద్రాసు నుంచి హైదరాబాద్, నాగపూర్ మీదుగా ఢిల్లీ వెళ్లేది ప్రధాన రూట్. బెంగళూరు, బొంబాయి రూట్లు దానికి తోడు. విమానాలు డకోటాలు.

ఆ డకోటా ఎక్కడిది

డగ్లస్ కంపెనీ తయారుచేసిన డీసీ-3 మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబరు 17న. పగటి ప్రయాణానికి 21 సీట్లు, రెండు ఇంజన్లు, నున్నటి లోహపు శరీరం. అంతకుముందు విమాన కంపెనీలు టపా మీద వచ్చే డబ్బుతోనే బతికేవి. ప్రయాణికుల టికెట్లతో మాత్రమే లాభం చూపించగల మొదటి విమానంగా డీసీ-3కి అమెరికాలో పేరొచ్చింది. ఈ మాట గుర్తుంచుకోవాలి, మళ్లీ దీని దగ్గరికే రావాలి.

యుద్ధం వచ్చేసరికి ప్రయాణికుల కోసం తయారైన డీసీ-3లు కేవలం 607. అదే విమానాన్ని నేల గట్టిపరిచి, ఎడమవైపు వెనక భాగంలో జీపు కూడా ఎక్కించగల పెద్ద తలుపు పెట్టి, సైన్యం కోసం సీ-47గా మార్చారు. ఇలాంటి సైనిక రకాలు ఒక్క అమెరికాలోనే దాదాపు పదివేలు తయారయ్యాయి. బ్రిటిష్ వాయుసేన దానికి పెట్టుకున్న పేరు డకోటా. మన దేశంలో ఆ పేరే స్థిరపడింది.

మన దగ్గర ఇవి అంత ఎక్కువగా ఎందుకు మిగిలాయంటే, జపాన్ మీద యుద్ధానికి భారత్ పెద్ద స్థావరం కాబట్టి. 1942 నుంచి 1945 దాకా అస్సాం నుంచి హిమాలయాలు దాటి చైనాలోని కున్మింగ్‌కు సరుకులు మోసిన విమానాల్లో డకోటాలు ఉన్నాయి. బర్మా అడవుల్లో సైన్యానికి బియ్యం, తూటాలు జారవిడిచినవీ అవే. 1945 ఆగస్టులో యుద్ధం ఆగిపోయింది. విమానాలు ఇక్కడే ఉన్నాయి. వాటిని అమెరికాకు తిప్పి తీసుకెళ్లి అమ్మడం కన్నా ఉన్న చోటే వదిలించుకోవడం మేలనిపించింది. విమానాలతో పాటు స్పేర్ ఇంజన్లు, టైర్లు, ప్రొపెల్లర్లు గుట్టలుగా మిగిలాయి. అంతకన్నా విలువైనవాళ్లు మనుషులు. ఇదే విమానాన్ని వేల గంటలు నడిపిన పైలట్లు, కళ్లు మూసుకుని ఇంజన్ విప్పి బిగించగల మెకానిక్‌లు ఒక్కసారిగా పనికోసం చూస్తున్నారు.

విమానం చవక, విడిభాగాలు చవక, మనుషులు సిద్ధం. కొత్త కంపెనీ పెట్టడానికి ఇంతకన్నా మంచి రోజులు అంతకుముందూ లేవు, ఆ తర్వాతా రాలేదు.

బాంబర్లు ఎందుకు పనికిరాలేదు

యుద్ధంలో మిగిలినవి డకోటాలు ఒక్కటే కాదు. బాంబర్లూ వేలల్లో మిగిలాయి. వాటినీ ప్రయాణికుల విమానాలుగా మార్చి చూశారు. బ్రిటన్‌లో లాంకాస్టర్ బాంబర్‌ను లాంకాస్ట్రియన్‌గా, హాలిఫాక్స్‌ను హాల్టన్‌గా మార్చారు. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల మధ్య నడిచిన లాంకాస్ట్రియన్‌లో ప్రయాణికులు తొమ్మిది మంది. హాల్టన్‌లో పది మంది. రెండింటికీ నాలుగేసి ఇంజన్లు.

బాంబర్‌ను తయారుచేసేటప్పుడు బరువంతా రెక్కల కింద, నడిమధ్య ఉండాలని చూస్తారు. బాంబుల అర అక్కడే ఉంటుంది. లాంకాస్టర్‌లో రెక్కలను కలిపే పెద్ద దూలం శరీరం మధ్యలోంచి అడ్డంగా పోతుంది. సైనికులు దాని మీదుగా ఎక్కి దిగి ముందుకు వెళ్లాల్సిందే. అలాంటి చోట వరసగా సీట్లు వేయడం కుదరదు. డకోటాలో రెక్క నేల కిందుగా పోతుంది. పైన గది ఖాళీగా, గొట్టంలా ఉంటుంది. ప్రయాణికుల కోసమే పుట్టి, సైన్యంలో కొన్నాళ్లు పనిచేసి, మళ్లీ ప్రయాణికుల దగ్గరికి వచ్చిన విమానం అది. నాలుగు ఇంజన్లతో తొమ్మిది మందిని మోసేదానికీ, రెండు ఇంజన్లతో 21 నుంచి 28 మందిని మోసేదానికీ ఖర్చులో ఎంత తేడా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కూడా ఇదే జరిగింది. 1919 ఆగస్టు 25న లండన్, పారిస్ మధ్య మొదలైన రోజువారీ సర్వీసుకు వాడిన విమానాల్లో యుద్ధకాలపు డీహెచ్-4 బాంబర్ల నుంచి మార్చినవి ఉన్నాయి. ఒకరిద్దరు ప్రయాణికుల్ని ఎక్కించుకునే ఆ విమానాలతో ఖర్చులు రాక, ఆ కంపెనీ రెండేళ్లు కూడా నడవలేదు.

లాంకాస్ట్రియన్‌కు హైదరాబాద్‌తో ఒక సంబంధం ఉంది, కానీ ప్రయాణికులతో కాదు. 1948లో భారత ప్రభుత్వం హైదరాబాద్ చుట్టూ ఆంక్షలు బిగించినప్పుడు, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి బీదర్, వరంగల్ విమానాశ్రయాలకు రాత్రిపూట లాంకాస్ట్రియన్‌లలో ఆయుధాలు చేరవేశాడు. బరువైన సరుకు, దూరం ఎక్కువ, టికెట్ లెక్క లేదు. బాంబర్ నుంచి వచ్చిన విమానం సరిగ్గా అలాంటి పనికే సరిపోయింది. అదే ఏడాది దక్కన్ ఎయిర్‌వేస్ రాకపోకల మీదా దెబ్బ పడింది. సెప్టెంబరులో హైదరాబాద్ భారత్‌లో చేరాక ఆ కంపెనీ మళ్లీ మామూలు దారిలో పడింది.

సైనిక విమానంలో సీట్లు

సీ-47లో సైనికులు గోడల వెంట, ఒకరికొకరు ఎదురుగా రేకు బల్లల మీద కూర్చునేవారు. వెచ్చదనం లేదు, చప్పుడు ఆపేది ఏమీ లేదు, లోపల లోహపు పక్కటెముకలు బయటికి కనిపించేవి. దాన్ని టికెట్ కొన్నవాళ్లు ఎక్కే విమానంగా మార్చడం చిన్న పని కాదు.

పెద్ద సరుకు తలుపును మూసేసి చిన్న తలుపు పెట్టాలి. గోడలకు చప్పుడును తగ్గించే మెత్త వేసి పైన గుడ్డ కప్పాలి. ముందుకు తిరిగిన సీట్లు బిగించాలి. వెనక మరుగుదొడ్డి, సామాన్లకు అర, చదువుకోవడానికి దీపం. సైనిక రేడియోలు, పారాచూట్ తీగలు, ఆక్సిజన్ సీసాలు తీసేయాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైన పని ఇంజన్ల ఓవర్‌హాల్. యుద్ధంలో ఎన్ని గంటలు తిరిగాయో, ఎలాంటి దుమ్ములో తిరిగాయో నమ్మకంగా చెప్పలేని ఇంజన్లను మొత్తం విప్పి, అరిగినవి మార్చి, మళ్లీ బిగించాలి. ఆ తర్వాతే విమానం పౌర ప్రయాణానికి యోగ్యమన్న ధ్రువపత్రం వస్తుంది. సైన్యం ఎక్కించినంత బరువు పౌర విమానంలో ఎక్కించకూడదన్న నియమమూ దానితోపాటే వస్తుంది.

మన దేశంలో ఈ పనికి పెద్ద దిక్కు బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మొదలుపెట్టిన ఈ ఫ్యాక్టరీని యుద్ధకాలంలో అమెరికా సైన్యం విమానాల మరమ్మతు కేంద్రంగా వాడుకుంది. యుద్ధం అయిపోగానే అదే చేతులు డకోటాలకు సీట్లు వేశాయి. మన దేశపు విమాన పరిశ్రమ మొదట్లో నేర్చుకున్న చదువులో పెద్ద పాఠం ఇదే. కొత్త విమానం తయారుచేసే ముందు, వందల కొద్దీ పాత విమానాల్ని విప్పి చూసే అవకాశం దానికి దొరికింది.

అయినా కొన్ని మార్చడం ఎవరి వల్లా కాదు. డకోటాలో గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు. కాబట్టి మేఘాల పైకి పోకుండా, వాటి మధ్యనే పోవాలి. వేసవి మధ్యాహ్నాల్లో దక్కన్ పీఠభూమి మీంచి లేచే వేడి గాలికి విమానం ఎగిరెగిరి పడేది. వాంతులు మామూలే. తోక చక్రం మీద నిలబడే విమానం కాబట్టి, ఎక్కగానే సీటు దాకా మెట్ట ఎక్కినట్టు నడవాలి. ఎండలో నిలబెట్టిన విమానం లోపల వేడి ఎలా ఉండేదో బేగంపేట మే నెల తెలిసినవాళ్లు ఊహించుకోగలరు. వేడికి గాలి పలచబడటం మరో చిక్కు. పలచని గాలిలో రెక్కలకు ఎత్తే బలం, ఇంజన్లకు లాగే బలం రెండూ తగ్గుతాయి. ఒక ఇంజన్ ఆగితే మిగిలిన దానితో పైకి లేవడం వేసవిలో మరింత కష్టం. అందుకే ఎండాకాలంలో సీట్లున్నా ఒక్కోసారి బరువు తగ్గించుకుని వెళ్లాల్సి వచ్చేది.

కన్నడలో లొడలొడలాడే పాత బండిని డకోటా అనడం వాడుక. ఈ విమానానికి ఆ పేరు న్యాయం కాదు. గడ్డి మైదానం మీద, గట్టి మట్టి మీద దిగి, చిన్న రన్‌వేతో సరిపెట్టుకుని, మామూలు పనిముట్లతో బాగుచేసుకోగలిగిన విమానం ఇంకొకటి లేదు. నిజాం కాలంలో చిన్న ఊళ్లలోనూ విమానాలు ఎలా దిగాయన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. ఆనాటి విమానానికి కాంక్రీటు అక్కర్లేదు.

లైసెన్సుల వరద

యుద్ధం ముగియకముందే ప్రభుత్వం ఒక ప్రణాళిక వేసుకుంది. పౌర విమానయాన అధిపతి సర్ ఫ్రెడరిక్ టిమ్స్ ఆధ్వర్యంలో తయారైన ఆ ప్రణాళికలో, దేశానికి కొద్ది కంపెనీలు చాలని, నాలుగుకు మించకూడదని ఉంది. 1946లో లైసెన్సులిచ్చే బోర్డు ఏర్పడింది. బోర్డు ఆ హద్దును పట్టించుకోలేదు. పదికి పైగా కంపెనీలకు రూట్లు దక్కాయి.

ఎయిర్ ఇండియా, ఇండియన్ నేషనల్ ఎయిర్‌వేస్, ఎయిర్ సర్వీసెస్ ఆఫ్ ఇండియా అంతకుముందు నుంచీ అనుభవం ఉన్నవి. కొత్తగా వచ్చినవి కలకత్తాలో బిర్లాల భారత్ ఎయిర్‌వేస్, మద్రాసులో జూపిటర్, ఒడిశాకు చెందిన బిజూ పట్నాయక్ కళింగ, ఇంకా అంబికా, దాల్మియా జైన్. కలకత్తాలో పుట్టి కరాచీకి తరలిపోయిన ఓరియంట్ ఎయిర్‌వేస్ తర్వాత పాకిస్తాన్ ఇంటర్నేషనల్‌కు పునాది అయింది. లైసెన్సులు ఇలా పంచితే అందరూ మునుగుతారని జేఆర్డీ టాటా గట్టిగా వాదించారు. తన కంపెనీని కాపాడుకోవడానికే అంటున్నారని అప్పట్లో కొట్టిపారేసినా, తర్వాత జరిగింది ఆయన చెప్పినట్టే.

మొదటి ఏడాది, రెండేళ్లు అసలు పరిస్థితి బయటపడలేదు. 1947 దేశ విభజన వల్ల విమానాలకు ఊహించని పని దొరికింది. రెండు వైపులా శరణార్థుల్ని తరలించడానికి ప్రభుత్వం విమానాల్ని అద్దెకు తీసుకుంది. అదే ఏడాది అక్టోబరు 27న శ్రీనగర్‌కు సైన్యాన్ని దించే పని మొదలైనప్పుడు వాయుసేన డకోటాలు చాలక ప్రైవేటు కంపెనీలవీ వాడారు. యుద్ధంలో సైనికుల్ని మోసి, సీట్లు వేయించుకున్న ఏడాదికే అవే విమానాలు మళ్లీ సైనికుల్ని మోశాయి. అదే ఏడాది జూలైలో బిజూ పట్నాయక్ డకోటాలో ఇండోనేషియా వెళ్లి, డచ్చివాళ్ల కళ్లుగప్పి అక్కడి నాయకుడు సుతన్ షహ్రిర్‌ను బయటికి తీసుకొచ్చారు. ఈ పనులన్నిటికీ డబ్బు వచ్చింది, పేరూ వచ్చింది. అవి అయిపోయాక మిగిలింది రోజువారీ టికెట్లు.

ఒక ట్రిప్పు లెక్క

హైదరాబాద్ నుంచి మద్రాసుకు గగనమార్గంలో దాదాపు 520 కిలోమీటర్లు. గంటకు 270 కిలోమీటర్ల వేగంతో డకోటాకు రెండు గంటలు పడుతుంది. రెండు ఇంజన్లూ కలిసి గంటకు దాదాపు 350 లీటర్ల పెట్రోలు కాలుస్తాయి. అంటే ఒక ట్రిప్పుకు 700 లీటర్లు. ఇది కారు పెట్రోలు కాదు, విదేశాల నుంచి తెచ్చి, సుంకం కట్టి కొనే మేలురకం విమాన పెట్రోలు. 21 సీట్లూ నిండితే మనిషికి 33 లీటర్లకు పైగా. సగం నిండితే 67 లీటర్లు.

ఈ లెక్కలో విమానం ధర ఎక్కడా లేదు. విమానం ఉచితంగా ఇచ్చినా 700 లీటర్లు కాలాల్సిందే. ఇద్దరు పైలట్లు, ఒక రేడియో ఆపరేటర్, హ్యాంగర్‌లో మెకానిక్‌లు, నిర్ణీత గంటలకు ఇంజన్ ఓవర్‌హాల్, అన్నీ ఉండాల్సిందే. చవగ్గా విమానం దొరకడం వల్ల తగ్గేది పెట్టుబడి మీద వడ్డీ, అరుగుదల మాత్రమే. అవి మొత్తం ఖర్చులో చిన్న భాగం.

పైగా చవక విమానం ఇంకో రకంగా కూడా నష్టం చేసింది. ఖరీదైన విమానం కొన్నవాడు దాన్ని రోజుకు ఎనిమిది, పది గంటలు ఎగరేయకపోతే అప్పు తీరదు. చవగ్గా కొన్నవాడికి ఆ ఒత్తిడి ఉండదు. విమానం రోజుకు రెండు మూడు గంటలు ఎగిరి మిగతా సమయం నేల మీద ఉన్నా ఫర్వాలేదనిపిస్తుంది. కానీ నేల మీద ఉన్నప్పుడూ జీతాలు ఆగవు. ఒకే రూట్‌ను రెండు కంపెనీలు పంచుకున్నప్పుడు రెండింటికీ జరిగింది ఇదే.

చిన్న విమానానికి ఒక్కో సీటు కూడా చాలా బరువైనది. 21 సీట్లలో రెండు ఖాళీగా పోతే దాదాపు పదో వంతు ఆదాయం పోయినట్టు. ఈనాటి చిన్న రూట్లలో తిరిగే 72 సీట్ల ఏటీఆర్ విమానంలో రెండు ఖాళీలు మూడు శాతం కూడా కావు. పెట్రోలు విషయంలోనూ అంతే. ఒక సీటును ఒక కిలోమీటరు మోయడానికి ఏటీఆర్‌కు అయ్యే ఇంధనం డకోటాకు అయినదానిలో మూడో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది.

1949 సెప్టెంబరులో పౌండ్‌తో పాటు రూపాయి విలువ కూడా 30 శాతానికి పైగా తగ్గింది. డకోటా అమెరికా విమానం. దాని విడిభాగాలకు డాలర్లు కట్టాలి. యుద్ధం మిగిల్చిన విడిభాగాల గుట్టలు కరిగిపోతున్న సమయంలోనే కొత్తవి కొనడం ఇంకా ఖరీదైంది. చవగ్గా ఉందని మొదలుపెట్టిన వ్యాపారానికి ఆ చవకతనమే మూడు నాలుగేళ్లలో తీరిపోయింది. అంబికా, జూపిటర్, దాల్మియా జైన్ ఎక్కువకాలం నిలబడలేదు.

దక్కన్ ఎయిర్‌వేస్ వాటికన్నా మెరుగ్గా నెట్టుకొచ్చింది. వెనక రాజ్య ప్రభుత్వం, రైల్వే అనుభవం ఉండటం ఒక కారణం. దేశం నడిబొడ్డున, ఉత్తర దక్షిణాలను కలిపే రూట్ చేతిలో ఉండటం మరొకటి. ఆ కంపెనీ చేసిన ఒక పని ప్రత్యేకంగా చెప్పాలి. 1947లో కమర్షియల్ లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను వేరే కంపెనీలు ఆడమనిషి అని తిప్పిపంపితే, దక్కన్ ఎయిర్‌వేస్ ఉద్యోగం ఇచ్చింది. దేశంలో ప్రయాణికుల విమానం నడిపిన మొదటి మహిళా పైలట్ ఆమె. బేగంపేట చరిత్రలో ఈ మాటకు రావాల్సినంత చోటు ఇప్పటికీ రాలేదు.

రాత్రి టపా

నేల మీద ఖాళీగా ఉండే గంటల్ని డబ్బుగా మార్చే మంచి ఉపాయం ఒకటి ఈ కాలంలోనే పుట్టింది. 1949 జనవరిలో, రఫీ అహ్మద్ కిద్వాయ్ మంత్రిగా ఉండగా, రాత్రి టపా సర్వీసు మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రి నాలుగు డకోటాలు బయల్దేరేవి. అర్ధరాత్రి దాటాక నాలుగూ నాగపూర్‌లో కలుసుకునేవి. ఉత్తరాల సంచులు, కొందరు ప్రయాణికులు ఒక విమానంలోంచి మరోదానిలోకి మారేవారు. తెల్లారేసరికి విమానాలు ఎక్కడివక్కడికి చేరేవి. నాలుగు నగరాల మధ్య ఉండే ఆరు జంట రూట్ల పని నాలుగు విమానాలతో అయిపోయేది.

సరుకంతా రాత్రికి ఒకేచోట చేర్చి, పంచి, తెల్లారేలోపు పంపే ఈ పద్ధతితోనే 1973లో అమెరికాలో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ మెంఫిస్ నుంచి ఎగరడం మొదలుపెట్టింది. అంతకు 24 ఏళ్ల ముందే, యుద్ధం వదిలేసిన విమానాలతో, నాగపూర్‌లో అది నడిచింది. నేల మీద దీపాలు, రేడియో సాయం అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో, వానాకాలం రాత్రుల్లో డకోటా నడపడం ఎంత కష్టమో తలచుకుంటే ఆ పైలట్ల పనితనం మీద గౌరవం పెరుగుతుంది. పెద్ద కంపెనీలు ప్రమాదమని వెనకాడిన ఈ పనిని తీసుకున్నవి చిన్న కంపెనీలే. మొదట ఇండియన్ ఓవర్సీస్, తర్వాత హిమాలయన్ ఏవియేషన్.

అదే విమానం, అమెరికాలో

ఇదే కాలంలో అమెరికాలోనూ చిన్న పట్టణాల్ని కలిపే కంపెనీలు పుట్టాయి. పయనీర్, సౌత్‌వెస్ట్ ఎయిర్‌వేస్, పీడ్‌మాంట్, ఓజార్క్ లాంటివి. వాటి చేతిలో ఉన్నవీ యుద్ధంలో మిగిలిన డకోటాలే. వాటిలో చాలావరకు 1950లు దాటి నిలబడ్డాయి. కొన్ని జెట్ విమానాల కాలం దాకా పెరిగాయి.

తేడా విమానంలో లేదు. అక్కడి ప్రభుత్వం ఈ కంపెనీల్ని పెద్ద కంపెనీల నుంచి వేరుచేసి, చిన్న రూట్లు వాటికే అప్పగించింది. టపా చెల్లింపు అనే పేరుతో నష్టాన్ని పూడ్చింది. వాటి ఆదాయంలో పెద్ద భాగం అదే. ప్రయాణికుల టికెట్లతోనే లాభం చూపగలదని పేరున్న విమానం కూడా చిన్న ఊళ్ల మధ్య తిరిగేటప్పుడు ఆ పని చేయలేకపోయిందన్నమాట. పెద్ద నగరాల మధ్య, నిండిన సీట్లతో పోయినప్పుడే డీసీ-3కి ఆ పేరు వచ్చింది.

ఖర్చు తగ్గించే విషయంలో కూడా కొన్ని కంపెనీలు పట్టుదలగా పనిచేశాయి. కాలిఫోర్నియాలోని సౌత్‌వెస్ట్ ఎయిర్‌వేస్ విమానం తలుపుకే మెట్లు అమర్చింది. స్టాపులో ఒక ఇంజన్ ఆపకుండానే రెండోవైపు నుంచి ప్రయాణికుల్ని దించి ఎక్కించి, కొద్ది నిమిషాల్లో మళ్లీ బయల్దేరేది. మన ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ చిన్న స్టాపులో ఆగినట్టు. పయనీర్ మాత్రం 1952లో డకోటాలు వదిలి పెద్ద మార్టిన్ విమానాలు కొంది. వాటికి సబ్సిడీ పెంచడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. మూడేళ్లకే అది కాంటినెంటల్‌లో కలిసిపోయింది.

మన దగ్గర ప్రభుత్వం పెట్రోలు సుంకంలో కొంత వెనక్కి ఇచ్చింది, టపా పెంచింది. కానీ ఎవరు ఏ రూట్‌లో ఉండాలన్న హద్దు మొదట్లోనే చెరిగిపోయింది కాబట్టి ఆ సాయం పదిమందికి చిల్లరగా పంచినట్టయింది.

1953లో ఏం జరిగింది

నష్టాలు పెరిగాక 1950లో జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన విచారణ కమిటీ వేశారు. ఉన్న రద్దీకి కంపెనీలు మరీ ఎక్కువని, నాలుగు చాలని ఆ కమిటీ తేల్చింది. టిమ్స్ ప్రణాళికలో ఉన్న సంఖ్యే మళ్లీ వచ్చింది. వాటంతట అవి కలిసిపోవాలని సూచించింది, జాతీయం మాత్రం వెంటనే వద్దంది. కంపెనీలు కలవలేదు. చివరికి 1953లో చట్టం వచ్చింది. ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది కంపెనీల దేశీయ రూట్లు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌గా మారాయి.

కొత్త సంస్థకు వారసత్వంగా వచ్చిన 99 విమానాల్లో 74 డకోటాలు. కంపెనీలు పోయాయి, విమానాలు పోలేదు. 1957లో వైకౌంట్లు, 1961లో ఫోకర్ ఫ్రెండ్‌షిప్‌లు, ఆ తర్వాత కాన్పూర్‌లో తయారైన అవ్రోలు వచ్చాయి. అయినా చిన్న ఊళ్ల రూట్లలో 1960ల్లోనూ డకోటాలే తిరిగాయి. అవి మెల్లగా తప్పుకుంటున్నకొద్దీ, వాటి తర్వాత వచ్చిన బరువైన విమానాలు దిగలేని చిన్న విమానాశ్రయాలు ఒక్కొక్కటిగా మూగబోయాయి. మామునూరు లాంటి చోట్ల కథను ఈ కోణంలోంచి కూడా చూడాలి. కొత్త విమానానికి పొడవైన గట్టి రన్‌వే, మంటలార్పే బండి, భద్రతా సిబ్బంది కావాలి. దానిలోని సీట్లు నిండటానికి రోజుకు అంతమంది ప్రయాణికులూ కావాలి.

ఇప్పటి ఉడాన్‌తో పోలిస్తే

చిన్న ఊళ్లకు విమానాలు నడిపించడానికి కేంద్రం 2016లో ప్రకటించిన ఉడాన్ పథకం ఒక రకంగా అమెరికా 1940ల్లో పట్టిన దారే. చిన్న రూట్‌ను ఒక కంపెనీకి మూడేళ్లపాటు అప్పగిస్తారు. నష్టాన్ని పూడ్చే డబ్బు ఇస్తారు. ఆ డబ్బును పెద్ద రూట్ల విమానాల మీద రుసుము వేసి సమకూరుస్తారు. మొదట్లో గంట ప్రయాణానికి రూ.2,500 అన్న టికెట్ హద్దు సగం సీట్లకు వర్తించేది. 2017 ఏప్రిల్ 27న ఈ పథకం కింద మొదలైన తొలి సర్వీసుల్లో కడప, హైదరాబాద్ రూట్ ఒకటి. దాన్ని నడిపిన హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్ విమానాలు 2022 ఫిబ్రవరిలో ఆగిపోయాయి.

ఈసారి విమానాలు యుద్ధంలో మిగిలినవి కావు, ఎక్కువగా అద్దెకు తెచ్చుకున్న ఏటీఆర్‌లు. కొనే ఖర్చు లేకుండా నెలవారీ అద్దెతో మొదలుపెట్టొచ్చు. ప్రవేశం సులువు కావడంలో 1946కూ దీనికీ పోలిక ఉంది. సీటుకు ఇంధన ఖర్చు బాగా తగ్గింది, కానీ సీట్ల సంఖ్య మూడింతలు అయింది కాబట్టి నింపాల్సిన మనుషులూ మూడింతలయ్యారు. సాయం ఆగిన రోజున రూట్ తన కాళ్ల మీద నిలబడాలంటే మూడేళ్లలో ఆ ఊరికి విమానం అలవాటు కావాలి.

2023లో కాగ్ నివేదిక ఈ లెక్క తీసింది. అది పరిశీలించిన 774 రూట్లలో అసలు ఎగరడం మొదలైనవి 371. మూడేళ్లూ పూర్తిచేసినవి 112. ఆ తర్వాత కూడా, 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54.